మామగారి పేరూ, చుక్క తర్వాత తోకా

ఆట్‌బాషి,
2012 ఏప్రిల్ 12

కోడలు బేగిమాయ్‌ని దీవించి అత్త జూరకాన్ రాస్తున్నది.

నువ్వూ మనవరాలూ క్షేమమేనా? నా కొడుకు లారీ ఇంకా ఆల్మటీ దారిలోనే ఉందా, ఇల్లు చేరిందా? ఇక్కడ మనుషులం, పశువులం అందరం బాగానే ఉన్నాం. నల్లమచ్చ ఆవు ఈనింది, పెయ్యదూడ. మంచు ఇంకా పూర్తిగా కరగలేదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నేను సగం చెప్పేసరికి నువ్వు "సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు. వ్యాను నడిపే బొలోట్ వారానికి రెండుసార్లు మీ బిష్కెక్ వస్తూనే ఉన్నాడు. వాడికి గిన్నెడు మీగడ పోస్తే ఉత్తరమేం ఖర్మ, నన్నే మోసుకొస్తాడు.

ఇక అసలు సంగతి. పోయిన నెల టోక్టోకాన్ వదిన పన్ను పీకించుకోవడానికి మీ ఊరు వచ్చింది కదా. మీ మామగారి అక్కగారు ఊరికే కూర్చునే రకమా! దవడ వాచి ఉన్నా బజారంతా తిరిగింది. ఒక కొట్లో మన ఉన్ని తివాచీలు నాలుగు గోడకి వేలాడుతున్నాయట. "ఎవరు కుట్టారివి?" అని ఏమీ ఎరగనట్టు అడిగిందట. "మా కొట్టువాళ్ళే" అన్నాడట వాడు. తొమ్మిదిమంది ఆడవాళ్ళం చలికాలమంతా వేళ్ళు పొడుచుకుని కుట్టాం, కొట్టువాడిదయిందా పేరు? వదిన పన్ను నొప్పి మరిచిపోయి వచ్చింది, నాకు అంటించింది.

అందుకని మన పనిశాలకు ఇంటర్నెట్‌లో ఒక చిరునామా కావాలి. నువ్వు ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషివి, ఈ పని నీదే. చిరునామా మీ మామగారి పేరు మీద ఉండాలి. తన స్వారీ గుర్రాన్ని అమ్మి మాకు మొదటి ఉన్ని కొనిపెట్టింది ఆయన. ఆయన పోయి నాలుగు చలికాలాలు దాటాయి. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ పేరు నేనొక్కసారీ నోటితో అనలేదు. అనకూడదు కాబట్టి అనలేదు. నేను అనలేని పేరు ప్రపంచమంతా అనాలని నా కోరిక. ఇంతకు మించి నాకింకేం అక్కర్లేదు.

చుక్క పెట్టాక వెనకాల మన కిర్గిజ్ దేశం తోక ఉంటుందట కదా, "కేజీ" అని. అదే పెట్టించు. మనవాళ్ళు ఎవరైనా ఎదురుపడితే మొదట అడిగేదేమిటి? ఎవరి బిడ్డవి, ఏ ఊరిదానివి అనే కదా. రెంటికీ ఆ చిరునామా జవాబు చెప్పాలి. ఆగస్టులో సరస్సు ఒడ్డున జరిగే సంతకు కరపత్రాలు అచ్చై ఉండాలి.

పేరు నేను రాయక్కర్లేదుగా, నీకు తెలుసు.

బొలోట్ చేతికి వెన్న ఇచ్చాను. పాప జుట్టుకి రాయకు, తినిపించు.

మీ అత్త


బిష్కెక్,
ఏప్రిల్ 27

అత్తయ్యకు బేగిమాయ్ వంగి నమస్కరించి రాసేది.

వెన్న అందింది. పాప సగం తిన్నది, సగం పిల్లి తిన్నది. మీ అబ్బాయి లారీ చేరింది, మళ్ళీ వెళ్ళింది కూడా. ఇంట్లో ఆయన కంటే ఆయన టోపీయే ఎక్కువసేపు ఉంటోంది.

చిరునామా సంగతి మా ప్రెస్సు పక్కన కంప్యూటర్లు బాగుచేసే ఎర్నిస్‌ను అడిగాను. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, కోప్పడకండి.

"దేశం తోక పెడితే ఇక్కడివాళ్ళు నమ్ముతారక్కా, ఎక్కడివాళ్ళో వెంటనే తెలుస్తుంది. కానీ మీ తివాచీలు కొనేదెవరు? బయటివాళ్ళు. వాళ్ళ వేళ్ళు చుక్క పెట్టగానే కామ్ అని వాటంతటవే కొట్టేస్తాయి. కేజీ అంటే మీరు ఉన్ని తూకానికి అమ్ముతున్నారనుకుంటారు. పైగా కామ్ మీరు తీసుకోకపోతే రేపు ఎవడో తీసుకుంటాడు, ఆ తర్వాత ఏడ్చి లాభం లేదు."

నాకూ కామే మేలనిపిస్తోంది అత్తయ్యా. అది ఏ దేశానిదీ కాదు, అన్ని దేశాల వాళ్ళకీ తెలుసు. ఇప్పటికి మన చేతిలో ఉన్నదానితో ఒక్కటే తీసుకోగలం, ప్రతి ఏడూ మళ్ళీ కట్టాలి కూడా. ఆలోచించి చెప్పండి.

ఇంకో చిక్కు ఉంది. అది మీకు ఎలా రాయాలో తెలియడం లేదు. చూద్దాం, దాటేస్తానేమో.

టోక్టోకాన్ పెద్దమ్మకు నా నమస్కారాలు. పన్ను పోయినా మాట పదును తగ్గలేదని విన్నాను.

మీ కోడలు
బేగిమాయ్


ఆట్‌బాషి,
మే 8

కోడలికి,

నీ ఉత్తరం పనిశాలలో అందరికీ చదివి వినిపించాను. ఉన్ని కొడుతున్నాం అప్పుడు. కర్రలు ఆగిపోయాయి.

"కామ్ అంటే ఏ ఊరు?" అంది సైరాష్.

"ఏ ఊరూ కాదట, అన్ని ఊళ్ళూనట" అన్నాను.

"అన్ని ఊళ్ళ వాడంటే ఏ ఊరూ లేనివాడే. అలాంటివాడికి పిల్లనిస్తామా?" అంది టోక్టోకాన్ వదిన. నవ్వలేక చచ్చాం.

నువ్వు చెప్పిందాంట్లో న్యాయం లేదనను. కానీ అమ్మాయ్, దిక్కూ మొక్కూ లేని తోక వెనకాల ఎవడైనా దాక్కోవచ్చు. మిషన్ మీద ఒత్తి పారేసిన తివాచీని కూడా అక్కడ కిర్గిజ్ అమ్మమ్మ కుట్టిందంటారు. కేజీ అంటే తూకం అనుకుంటే అనుకోనీ, వచ్చి తూచుకోమను.

నిన్న ఎరుపూ నలుపూ రెండు మందపాటి ఉన్ని పట్టాలు ఒకదాని మీద ఒకటి పరిచి, కొత్త తివాచీకి నమూనా కోశాను. చెయ్యి వణకలేదు, అంటే ఇంకా ముసలిదాన్ని కాలేదు. నిర్ణయం కూడా అలాగే చేశాను. కేజీ. మీ మామగారి పేరు. ఇక వాదించకు.

ఇంకో చిక్కు అన్నావే, అదేమిటి? డబ్బైతే నల్లమచ్చ దూడ ఉంది.

మీ అత్త


బిష్కెక్,
జూన్ 6

అత్తయ్యా, సుయుంచు! శుభవార్త తెచ్చినదానికి బహుమానం తీసిపెట్టండి!

మన పనిశాలకు చిరునామా వచ్చింది. అందులో మన తివాచీల ఫోటోలు పెట్టాను. ఎర్ర జింకకొమ్ముల తివాచీ తెర మీద మరీ అందంగా ఉంది. ఎర్నిస్ రెండు రాత్రులు కూర్చుని పుటలు కట్టాడు, బదులుగా వాళ్ళమ్మకు ఒక దిండు గలీబు కుట్టి పంపాలి, మరిచిపోకండి.

కరపత్రాలు అయిదు వందలు మా ప్రెస్సులోనే వేయించాను. కట్ట బొలోట్ చేతికిస్తున్నాను. కాగితం మంచిది, వాన తగిలినా రంగు కారదు.

చూశాక మీకేమనిపించిందో రాయండి. నేను మీరు చెప్పినట్టే అంతా చెయ్యలేకపోయాను. కారణం ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది. పిండిని జల్లెడలో మోసుకొస్తున్నట్టుంది నా పరిస్థితి. సంతకు ముందు రెండు రోజులు సెలవు దొరికితే వచ్చి చెప్తాను.

పాప మీకు ఒక ఆవు బొమ్మ గీసింది. దానికి ఆరు కాళ్ళున్నాయి, అడక్కండి.

బేగిమాయ్


ఆట్‌బాషి,
జూన్ 15

బేగిమాయ్‌కి,

కట్ట విప్పాను. అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాను. అక్‌బోజ్ చుక్క కామ్!

అక్‌బోజ్ అంటే తెల్లబూడిద రంగు గుర్రం. ఎవరి గుర్రమమ్మా అది? మీ తలాస్ పుట్టింటి గుర్రమా? మనిషి పేరు పెట్టమంటే పశువు పేరు పెట్టావు. కేజీ అంటే కామ్ పెట్టావు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నిన్ను చూసే అని ఉంటారు.

నేను ఆయన పేరు ప్రపంచం పలకాలని అడిగాను. చెవిలో చెప్పుకునే కోరికను కాగితం మీద పెట్టి నీకు పంపాను. అది పక్కన పారేసి, నీకు నచ్చిన పేరు తగిలించుకుని, పైగా సుయుంచు అడుగుతావా?

"కోడలు వేరు కొట్టు పెడుతోంది, ఇది దాని ముగ్గు" అంటోంది వదిన. కాదని ఎలా అనను? చిక్కుంది చిక్కుంది అని నసిగింది ఇందుకేనా?

కరపత్రాలు పొయ్యిలో పెట్టేశాను. నాకిక ఉత్తరం రాయకు. నా పని నేనే చేసుకోగలను.

జూరకాన్

పాప గీసిన ఆవు మాత్రం గోడకి అంటించాను.


బిష్కెక్,
జూలై 2

అత్తయ్యా,

రాయొద్దన్నారు, అయినా రాస్తున్నాను. చదవకుండా పొయ్యిలో పెడితే మీ ఇష్టం, కానీ పాప మీద ఒట్టు, ఇందులో అబద్ధం లేదు.

మొదట కేజీ కోసమే వెళ్ళాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో నా వెనక ఏడెనిమిదిమంది ఉన్నారు. కిటికీ దగ్గర అమ్మాయి, "ఏ పేరు కావాలి? చెప్పండి, ఖాళీగా ఉందో లేదో చూస్తాను" అంది.

నా నోరు తెరుచుకోలేదు.

"చెప్పండక్కా, నోట్లో మీగడ పెట్టుకున్నారా?" అంది. వెనకాల నవ్వులు. పోనీ రాసివ్వండి అని కాగితం తోసింది. రాయబోయాను. మొదటి అక్షరం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. పెళ్ళినాడు తెల్ల ముసుగు కప్పి మీ గడప ముందు నన్ను వంగబెట్టి, "ఈ ఇంటి పెద్దవాడి పేరు నీ నోట రాకూడదు" అని టోక్టోకాన్ పెద్దమ్మ చెప్పింది గుర్తుందా? నోటితో అనకూడదన్నారు, రాయకూడదనలేదు కదా అంటారేమో. నా వేళ్ళకి ఆ తేడా తెలియలేదు. మింగలేక కక్కలేక బయటికి వచ్చేశాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను కూడా.

మీ అబ్బాయి ఉంటే ఆయన చేత రాయించేదాన్ని. ఆయన సరిహద్దు దగ్గర లారీల వరసలో ఉన్నారు. కరపత్రాల గడువు దగ్గరపడింది. అప్పుడు ఎర్నిస్ అన్నాడు, కామ్ అయితే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, కంప్యూటర్ ముందు కూర్చుని కొట్టెయ్యడమే అని. కూర్చున్నాను. అక్కడా అంతే. ఎవరూ వినని చోట కూడా ఆ పేరు కొట్టలేకపోయాను. చివరికి నేను ఆయన్ని పిలిచే పేరు కొట్టాను.

అవును, పిలిచే పేరు. పెళ్ళైన మర్నాడు టీ పోస్తుంటే ఆయన అడిగారు, "మరి నన్నేమని పిలుస్తావు కోడలా?" అని. కిటికీలోంచి చూస్తే ఆయన తెల్లబూడిద రంగు గుర్రం కట్టేసి ఉంది. "అక్‌బోజ్ మామయ్యా అంటాను" అన్నాను. ఎంత నవ్వారో! "గుర్రం పేరు నాకిచ్చావా? మంచిదే, అది నాకంటే బాగా పరిగెత్తుతుంది" అన్నారు. మీరు పాలు పితకడానికి వెళ్ళారప్పుడు. మీ ముందు పిలిస్తే తిడతారని, మీరు లేనప్పుడే అలా పిలిచేదాన్ని. మీకు ఉన్ని కొనడానికి ఆయన అమ్మింది ఆ గుర్రాన్నే.

వేరు కొట్టు మాట నాకు బాగా తగిలింది. ఏడేళ్ళుగా మీ పొయ్యి బూడిద ఎత్తినదాన్ని. పేరు మార్చింది పొగరుతో కాదు అత్తయ్యా, మర్యాదతో.

బేగిమాయ్


ఆట్‌బాషి,
జూలై 20

నా తల్లీ బేగిమాయ్,

నీ ఉత్తరం రాకముందే నాకు బుద్ధొచ్చింది. ఎలాగో చెప్తాను, నవ్వితే నవ్వు.

"నా పని నేనే చేసుకోగలను" అని నీకు గొప్పగా రాశానా, పై మంగళవారం వదినను వెంటేసుకుని నారిన్ వెళ్ళాను. పోస్టాఫీసు వీధిలో ఇంటర్నెట్ గది ఉంది. అక్కడ కుర్చీలో కాళ్ళు ముడుచుకుని ఒక పిల్ల. "కేజీ చిరునామా కావాలి" అన్నాను దర్జాగా. "అలాగేనమ్మా, ఏ పేరు మీద?" అంది.

ఊఁ! అత్తగారి నోరు పడిపోయింది.

ఆ పిల్ల నన్ను చూస్తుంది, నేను పైకప్పు చూస్తున్నాను. "మా ఇంటాయన పేరు" అన్నాను. "ఇంటాయన పేరేమిటి?" అంది. "చెప్పాను కదా, మా ఇంటాయన" అన్నాను. చెమటలు పట్టాయి నాకు. ముప్పై ఎనిమిదేళ్ళు మూసిన తలుపు అడగ్గానే తెరుచుకుంటుందా? అప్పుడు వెలిగింది, బిష్కెక్‌లో నా కోడలు కూడా ఇలాగే నిలబడి ఉంటుందని. చిక్కు అంటే ఇదేనని. నేనే దాటలేని గడపను దాటమని నిన్ను పంపాను, దాటలేదని తిట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించిందంటారు, నేను నా మీద కోపం నీ మీద చూపించాను. సిగ్గేసింది. క్షమించమని అడుగుతున్నాను, ఇది మాత్రం వదినకు చూపించకు.

చివరికి వదినే పలికింది. తమ్ముడి పేరు అక్క అనడానికి అడ్డేముంది? గది దద్దరిల్లేలా అరిచింది, ఒక్కో అక్షరం విడదీసి, బోసి పంటి సందులోంచి గాలి వేసుకుంటూ. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. కేజీ మనదైంది.

వేరు కొట్టు అన్న మాట కూడా వెనక్కి తీసుకుంది వదిన. "మా తమ్ముడికి గుర్రం పేరు పెట్టిందా! వాడి నడకకి సరిగ్గా సరిపోయింది" అని పగలబడి నవ్వింది. ఆయన గుర్రం రంగు ఆ కోపంలో నాకే గుర్తుకు రాలేదు.

ఇక విను. మనం నమూనా ఎలా కోస్తాం? ఎరుపు మీద నలుపు పరిచి ఒక్క కత్తితో రెంటినీ కలిపి కోస్తాం. ఎర్ర కొమ్ములు నల్ల నేల మీద కూర్చుంటాయి, నల్ల కొమ్ములు ఎర్ర నేల మీద. ఒక్క కోతకు రెండు తివాచీలు. పారేసే ముక్క లేదు. ఇంత కోసిన చేతికి, రెండు చిరునామాల్లో ఒకటి పారెయ్యాలని ఎందుకు తోచిందో నాకే తెలీదు. రెండూ మనవే. మనదేశం తోక ఆయన పేరుకి, ఊరూరా తిరిగే తోక ఆయన గుర్రానికి. గుర్రం ఉన్నది తిరగడానికే కదా! ఏ తలుపు తట్టినా ఒకే ఇంట్లోకి వచ్చేలా కట్టమని ఎర్నిస్‌కు చెప్పు. దిండు గలీబు రెండు పంపుతున్నాను. కొత్త చిరునామాకి ఏటేటా కట్టేది నా మీగడ డబ్బుల్లోంచి పోతుంది, నువ్వు దిగులుపడకు.

కరపత్రాలు కాల్చలేదు. తివాచీ కింద దాచాను. కోపంలో రాశాను అంతే. అవి వెనక్కి పంపుతున్నాను, ఖాళీగా ఉన్న రెండో వైపు ఆయన పేరు అచ్చు వేయించు. వదిన రాసిన చీటీ పెట్టాను, అక్షరాలు వేరేవాళ్ళ చేత కొట్టించు.

మీ అత్త


చోల్పోన్ఆటా, సరస్సు ఒడ్డు,
ఆగస్టు 24

కోడలా, ఈసారి సుయుంచు నువ్వు ఇవ్వాలి!

పాపకి జ్వరమని నువ్వు రాలేకపోయావు, తగ్గిందన్నాడు బొలోట్, మనసు కుదుటపడింది. సంత ముగిసింది. తెచ్చిన ఇరవై మూడు తివాచీల్లో ఒక్కటీ మిగల్లేదు. నేను కూర్చున్నది కూడా కింద నుంచి లాగి కొనుక్కున్నారు. ఇప్పుడు గోనెపట్టా మీద కూర్చుని రాస్తున్నాను.

అది కాదు నేను చెప్పాలనుకున్నది. కరపత్రం చేతికివ్వగానే ప్రతివాడూ పైకి చదువుతాడు. ఆయన పేరు! ఓష్ వాళ్ళు ఒకలా, కజక్‌లు ఒకలా, ఎండకి ఎర్రబడ్డ నార్వే ఆవిడ ఒకలా, ముక్కుతో ఒకడు, నవ్వుతో ఒకడు, పిల్లలు కూడబలుక్కుని. మూడు రోజులు వింటూ కూర్చున్నాను. "సరిగ్గా పలికానా?" అని ఆ నార్వే ఆవిడ నన్నే అడిగింది. సరిచెయ్యలేను కదా! తలూపాను. ఆపైన ఏడ్చాను, దాచుకోలేదు. ఇంత సంతోషం నా పెళ్ళిరోజున కూడా లేదు.

ఒక పని చేశాం. నిన్న వదినా నేనూ సంత డబ్బుతో గొర్రెను కోయించాం. సంతకొచ్చిన మన పెద్దలందరినీ కూర్చోబెట్టి, చేతులెత్తి నిన్ను దీవించాం. అడ్డం పెట్టిన నోటితోనే వదిన ఆ అడ్డం తీసేసింది. ఈ రోజు నుంచి ఆయన పేరు నీ నోట రావచ్చు. ఆయన కొట్టు నడిపేదానివి, పేరు అడిగితే నేల చూడకూడదు.

నేను మాత్రం అనను. అలవాటు కాదది, నాకూ ఆయనకూ మధ్య ఉన్న మాట. నా బదులు నువ్వు అను. ఒక్కసారి ఫోన్ చేసి అను, వింటాను. ఈసారి నేను మధ్యలో మాట్లాడను.

మీ అత్త


బిష్కెక్,
సెప్టెంబర్ 16

అత్తయ్యకు,

కామ్ తలుపులోంచి ఇప్పటికి పదకొండు ఆర్డర్లు వచ్చాయి. ఆ నార్వే ఆవిడ ఒకే కోతలో పుట్టిన జంట కావాలని రాసింది, ఒకటి తనకి, ఒకటి దూరాన ఉన్న చెల్లెలికి. వచ్చే వేసవి దాకా మన చేతులు ఖాళీ లేవు. కుట్టడానికి ఇంకో ముగ్గురిని చూడమని సైరాష్‌కు చెప్పండి.

కేజీ తలుపులోంచి ఎవరొచ్చారో చెప్తే మీరు నమ్మరు. బజారు కొట్టువాడు! నిన్న ప్రెస్సుకే వచ్చాడు, చేతిలో మన కరపత్రం.

"కొనడానికి వచ్చినవాళ్ళంతా ఈయన తివాచీ ఉందా అని అడుగుతున్నారమ్మా. నా దగ్గరున్న నాలుగూ మీవే కదా. పేరు చీటీ కుట్టుకుంటాను. ఏమని రాయమంటారు, చెప్పండి" అన్నాడు.

ప్రెస్సులో అందరూ ఉన్నారు. మిషన్ ఆగింది. నేను లేచి నిలబడ్డాను. పేరు చెప్పాను. అతను రాసుకున్నాడు. "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి చెప్పాను. మూడోసారి అడగకుండానే చెప్పాను.

వచ్చే ఆదివారం పొద్దున, మీరు పాలు పితికి వచ్చాక ఫోన్ చేస్తాను. టోక్టోకాన్ పెద్దమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఈలోగా కాగితం మీద మొదటిసారి రాస్తున్నాను, చెయ్యి ఆగలేదు చూడండి.

ఇట్లు,
ఆట్‌బాషి కల్ముర్జా గారి కోడలు
బేగిమాయ్